అట్రాక్టా, టెంప్టా, ల్యూరా: ఏ సందర్భానికి ఏ మాట?

ఒక బట్టల షాపు ఆషాఢం సేల్ పెట్టింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు కట్టింది. జనం బాగా వచ్చారు. ఈ సంగతిని ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యంలో చెప్పమంటే ‘అట్రాక్ట్’ వాడొచ్చు, ‘టెంప్ట్’ వాడొచ్చు, ‘ఎంటైస్’ వాడొచ్చు, ‘ల్యూర్’ కూడా వాడొచ్చు. వ్యాకరణం ఏ ఒక్కదాన్నీ తప్పు పట్టదు. అయితే మొదటి మాటతో రాసిన వాక్యాన్ని షాపువాళ్లు తమ ప్రకటనలోనే వేసుకోవచ్చు. చివరి మాటతో రాసింది చదివితే మాత్రం వాళ్లు మోసం చేశారని మనం ఆరోపించినట్టు ఉంటుంది.

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తెరిస్తే ఈ తేడా సరిగ్గా కనబడదు. ఆకర్షించు, ఆశపెట్టు, ప్రలోభపెట్టు, వలలో వేసుకొను అని అన్నిటికీ దాదాపు అవే అర్థాలు వరుసగా ఉంటాయి. అందుకే ఉద్యోగ దరఖాస్తు రాసేటప్పుడో, వార్త అనువదించేటప్పుడో, పోటీ పరీక్షలో ఖాళీ నింపేటప్పుడో చెయ్యి ఆగిపోతుంది.

నా ఉద్దేశంలో ఈ మాటలను విడదీసేది, నింద ఎవరి మీద పడుతుందన్న సంగతి. తెలుగులో ఇది మనకు బాగా తెలిసిన విషయమే. ‘ఆశపడి మోసపోయాడు’ అంటే తప్పులో సగం అతనిదే అన్నట్టు. ‘ఆశ చూపి మోసం చేశారు’ అంటే తప్పంతా అవతలివాళ్లది. జరిగింది ఒకటే. మనం వేలెత్తి చూపించే మనిషి మారాడు. మనం వాక్యం తిప్పి చెప్పేదాన్ని ఇంగ్లిష్ చాలాసార్లు ఒక్క క్రియతోనే చెప్పేస్తుంది.

## మాట ఎంచుకునే ముందు

నాలుగు విషయాలు చూసుకుంటే చాలావరకు సందేహం తీరిపోతుంది.

మొదటిది, వచ్చినవారికి మేలు జరిగిందా, కీడు జరిగిందా? కీడు జరిగితే ‘అట్రాక్ట్’ చప్పగా ఉంటుంది, బాధితుడికి అన్యాయం చేసినట్టు కూడా ఉంటుంది. మేలు జరిగితే ‘ల్యూర్’ అనవసరమైన నింద.

రెండోది, లాగినవారు కావాలని లాగారా? అయస్కాంతం ఇనుమును లాగుతుంది, దీపం పురుగులను లాగుతుంది. వాటికి ఉద్దేశం ఉండదు. ఉద్దేశం లేని చోట ‘ఎంటైస్’, ‘ఇండ్యూస్’ లాంటివి సాధారణంగా నప్పవు.

మూడోది, ఏదైనా చూపించారా? డబ్బు, ఉద్యోగం, పెళ్లి, బహుమతి, ఇంకేదైనా మాట. ఎర ఉంటే ఒక రకం మాటలు, ఎర లేకుండా గుణమో అందమో లాగితే మరో రకం మాటలు.

నాలుగోది చాలామంది గమనించరు. ఆ మనిషి చివరికి లొంగాడా, లేక మనసు లాగినా ఆగిపోయాడా? కొన్ని క్రియలు లొంగినట్టే చెబుతాయి, కొన్ని చెప్పవు. మన తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో ఎక్కువగా దొర్లే తప్పు ఇక్కడే.

ముఖ్యమైన ఎనిమిది మాటలను ఈ ప్రశ్నల ముందు నిలబెడితే ఇలా ఉంటుంది:

| మాట | వచ్చినవారికి మేలా, కీడా | కావాలని చేసిందేనా | లొంగినట్టేనా | తెలుగులో దగ్గరి మాట |
|---|---|---|---|---|
| అట్రాక్ట్ | ఏదీ చెప్పదు | కానక్కర్లేదు | వస్తువుల విషయంలో అవును, మనసు విషయంలో ఇష్టం వరకే | ఆకర్షించు |
| టెంప్ట్ | చేయకపోతేనే మంచిదన్న భావం | కానక్కర్లేదు | చాలాసార్లు కాదు | ఆశపెట్టు, మనసు లాగు |
| ఎంటైస్ | సందర్భాన్ని బట్టి | అవును | సాధారణంగా అవును | ఆశ చూపి రప్పించు |
| ల్యూర్ | ఎక్కువగా కీడు | అవును | అవును | ఎర వేసి లాగు |
| ఇండ్యూస్ | సందర్భాన్ని బట్టి | అవును | అవును | పురిగొల్పు, ప్రలోభపెట్టు |
| సెడ్యూస్ | దారి తప్పడం | మనుషులైతే అవును | అవును | వశం చేసుకొను |
| వూ | కీడు లేదు | అవును | ఇంకా తేలలేదు | మనసు గెలుచుకోజూచు |
| కోక్స్ | ఎక్కువగా మేలు | అవును | సాధారణంగా అవును | బుజ్జగించు |

పట్టిక దారి చూపిస్తుంది కానీ సరిపోదు. కొన్ని మాటల దగ్గర ఆగి చూడాలి.

## అట్రాక్ట్, డ్రా: నింద లేని మాటలు

‘అట్రాక్ట్’ లాటిన్‌లో ‘లాగు’ అనే క్రియ నుంచి వచ్చింది. ‘ట్రాక్టర్’ కూడా ఆ మూలం నుంచి పుట్టిందే. లాగడం తప్ప అందులో మరే తీర్పూ లేదు. పెట్టుబడులు, పర్యాటకులు, విద్యార్థులు, తేనెటీగలు, అందరికీ సరిపోతుంది. ఏది వాడాలో తెలియనప్పుడు ఇదే క్షేమం.

దీనికి ఇంకో వాడుక ఉంది. మన దేశంలో ఆఫీసు, కోర్టు ఇంగ్లిష్‌లో ఇది రోజూ కనిపిస్తుంది. ఒక సేవ ‘18 శాతం జీఎస్టీ అట్రాక్ట్ చేస్తుంది’, ఆలస్యం ‘పెనాల్టీ అట్రాక్ట్ చేస్తుంది’, ఒక నేరం ‘ఫలానా సెక్షన్‌ను అట్రాక్ట్ చేస్తుంది’ అని రాస్తారు. వర్తిస్తుంది, పడుతుంది అని దీని అర్థం. ఇక్కడ ‘టెంప్ట్’నో ‘ల్యూర్’నో పెట్టడం కుదరదు.

వ్యాకరణంలో రెండు జాగ్రత్తలు. ‘అతను ఆమెకి అట్రాక్ట్ అయ్యాడు’ అని తెలుగులో అంటాం కాబట్టి ఇంగ్లిష్‌లో ‘హీ అట్రాక్టెడ్ టు హర్’ అని వచ్చేస్తుంది. ‘హీ వాజ్ అట్రాక్టెడ్ టు హర్’ అనాలి. ‘వాజ్’ లేకపోతే వాక్యం కుంటుతుంది. రెండోది, ‘ఆఫర్ నన్ను కొనేలా ఆకర్షించింది’ అన్న ఆలోచనతో ‘ది ఆఫర్ అట్రాక్టెడ్ మీ టు బై’ అని రాయకండి. ‘అట్రాక్ట్’ తర్వాత మనిషి ఒక వస్తువు వైపో చోటు వైపో వెళతాడు. పని చేయించాలంటే ‘టెంప్టెడ్ మీ టు బై’, ‘పర్స్వేడెడ్ మీ టు బై’ కావాలి.

‘డ్రా’ను మనవాళ్లు బొమ్మ గీయడానికీ బ్యాంకులో డబ్బు తీయడానికీ మాత్రమే వాడతారు. పాపం, మంచి మాట. ‘ది మీటింగ్ డ్రూ ఎ హ్యూజ్ క్రౌడ్’, ‘ది స్మెల్ ఆఫ్ బిర్యానీ డ్రూ అజ్ ఇన్’ అంటే ఎంత సహజంగా ఉంటుందో చూడండి. ‘అట్రాక్ట్’ కాస్త కాగితపు మాటలా అనిపించిన ప్రతిచోటా ‘డ్రా’ పెట్టి చూడమంటాను.

## టెంప్ట్: తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఇంకొకటి

ఈ మాట తెలుగులోకి ఎప్పుడో వచ్చేసింది. ‘ఆఫర్ చూసి టెంప్ట్ అయిపోయా’ అంటే కొనేశానని అర్థం. అవతలివాళ్లు వెంటనే ‘ఎంతకి కొన్నావ్?’ అని అడుగుతారు.

ఇదే మాట ఇంగ్లిష్‌లో ‘ఐ వాజ్ టెంప్టెడ్ టు బై ఇట్’ అంటే వినేవాళ్లకు అర్థమయ్యేది దాదాపు వ్యతిరేకం. కొనాలని మనసు లాగింది, కానీ కొనలేదు. వాక్యం అయిపోయాక వాళ్లు ఒక ‘బట్’ కోసం ఎదురుచూస్తారు. నిజంగా కొనేసి ఉంటే ‘ఐ కుడ్ నాట్ రెసిస్ట్’ అనో, ‘ఐ గేవ్ ఇన్’ అనో చెప్పాలి. విదేశాల్లో పనిచేసే మనవాళ్లకు ఈ తేడా ఆఫీసులో బాగా అవసరం. ‘ఐ వాజ్ టెంప్టెడ్ బై అనదర్ ఆఫర్’ అని మేనేజర్‌తో అంటే, వేరే ఆఫర్ వచ్చినా వెళ్లకుండా ఇక్కడే ఉన్నాను అని ఆయన సంతోషించే అవకాశం ఎక్కువ. మీరు రాజీనామా చెప్పబోతున్నారని ఆయనకు తోచదు.

లొంగకుండా ఉండడం ఈ మాటలో ఎలా చేరిందో దాని మూలం చూస్తే తెలుస్తుంది. లాటిన్‌లో దీని అసలు అర్థం పరీక్షించడం. తెలుగు క్రైస్తవులు రోజూ చేసే ప్రార్థనలో ‘మమ్మును శోధనలోకి తేక’ అనే చోట ఇంగ్లిష్‌లో ఉన్నది ‘టెంప్టేషన్’. తెలుగు అనువాదకులు ‘ప్రలోభం’ అనకుండా ‘శోధన’ అన్నారు. పరీక్ష అన్నాక నెగ్గవచ్చు, ఓడిపోవచ్చు. అందుకే ‘టెంప్ట్’ ఫలితం చెప్పదు. ‘టెంప్ట్ ఫేట్’ అనే పలుకుబడిలో కూడా విధిని పరీక్షకు పెట్టడమనే పాత అర్థమే మిగిలి ఉంది.

నింద సంగతికొస్తే, ‘టెంప్టెడ్’ చూపును లాగబడిన మనిషి లోపలికి తిప్పుతుంది. బలహీనత అతనిది, కోరిక అతనిది. తిండి విషయంలో, షాపింగ్ విషయంలో ఇది సరదాగా ఉంటుంది. ‘టెంప్టింగ్‌గా ఉంది’ అని పూతరేకుల ఫొటో కింద రాయడంలో తప్పేమీ లేదు. ఇంట్లో అతిథికి ఇంకాస్త స్వీటు వడ్డించబోతూ ‘కెన్ ఐ టెంప్ట్ యూ?’ అనడం మర్యాదే. మెత్తగా అభిప్రాయం చెప్పడానికి ‘ఐయామ్ టెంప్టెడ్ టు సే’ అని మొదలుపెట్టడం కూడా చదువుకున్నవాళ్ల వాడుకే.

నేరాల విషయంలో మాత్రం ఈ మాటతో చాలా జాగ్రత్తగా ఉండాలి. నగలు వేసుకుని వెళ్తున్న ఆవిడ మెడలో గొలుసు తెంచుకుపోయిన దొంగ గురించి ‘ది గోల్డ్ టెంప్టెడ్ హిమ్’ అని రాస్తే, నగలు పెట్టుకోవడమే ఆవిడ చేసిన తప్పు అన్నట్టు తయారవుతుంది. లైంగిక నేరాల వార్తల్లో అయితే ఇది ఇంకా ఘోరం. నేరస్థుడిని కర్తగా పెట్టి, అతను చేసిన పని చెప్పే క్రియ వాడండి.

## ఎంటైస్, ల్యూర్, బెయిట్: ఎర ఉన్న మాటలు

ఈ మూడింటి మధ్య గందరగోళం సహజం. నేను వీటిని విడదీసుకునేది ఎర నిజమైనదా, కాదా అనే ఒక్క లెక్కతో.

‘బెయిట్’ అంటే గాలానికి గుచ్చే ఎర. పాత నార్స్ భాషలో ‘కొరికేలా చేయడం’ అనే అర్థం నుంచి వచ్చింది. వానపాము లాంటి నిజమైన తిండి అది. ‘ల్యూర్’ పుట్టింది డేగల వేటలో. ఎగిరిపోయిన డేగను వెనక్కి పిలవడానికి వేటగాడు తాడు చివర ఈకల కట్ట కట్టి గాల్లో తిప్పేవాడు. డేగకు అది పక్షిలా కనిపించేది. ఇప్పటికీ చేపలు పట్టేవాళ్లు ప్లాస్టిక్‌తో, లోహంతో చేసిన నకిలీ చేపను ‘ల్యూర్’ అనే అంటారు. కాబట్టి చూపించింది ఒకటి, దొరికింది ఇంకొకటి అయిన చోట ‘ల్యూర్’ సరిగ్గా అతుకుతుంది.

2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు తీసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు యువకులను అక్కడికి పంపారు. తీరా వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. దీనికి ‘ల్యూర్డ్’ కంటే తగిన మాట లేదు. ఉద్యోగం ఆ ఈకల కట్ట లాంటిది, అక్కడ పక్షి లేదు. ‘అట్రాక్టెడ్ బై హై శాలరీస్’ అని రాస్తే ఆ పిల్లలు జీతానికి ఆశపడి పోయారన్న అర్థం వస్తుంది. ‘టెంప్టెడ్’ అని రాస్తే ఇంకా అన్యాయం. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన తల్లిదండ్రులు ఆ వాక్యం చదివితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించాలి. అందుకే దీన్ని చిన్న విషయంగా వదిలేయలేను.

‘ఎంటైస్’ కొంచెం తేలిక. నిప్పుకొరివి అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. లోపల కోరికను రాజేయడం అన్నమాట. ఇక్కడ చూపించినది నిజంగానే దొరకవచ్చు. బ్యాంకు ఎక్కువ వడ్డీ చూపి డిపాజిటర్లను ‘ఎంటైస్’ చేస్తే, ఆ వడ్డీ ఇస్తుంది కూడా. అయినా మాటలో ఒక అనుమానపు వాసన ఉంటుంది: ఆ వడ్డీ చూపకపోతే వాళ్లు వచ్చేవాళ్లు కాదు, వాళ్ల మంచి కోసమే చూపారనీ కాదు.

మన చట్టంలో ఈ మాటకు పెద్ద పీట ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 361వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 137వ సెక్షన్, సంరక్షకుల నుంచి మైనర్లను తీసుకుపోవడం గురించి చెబుతాయి. అక్కడ ‘టేక్స్ ఆర్ ఎంటైసెస్’ అని రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి పట్టి లాక్కెళ్లకపోయినా, ఆశ పుట్టించి తనంతట తాను బయటికొచ్చేలా చేస్తే అదీ నేరమే. సుప్రీంకోర్టు 1973లో ఒక గుజరాత్ కేసులో ‘ఎంటైస్’ను వివరిస్తూ, ఎదుటివారిలో ఆశో కోరికో రేపడమే దీని సారమనీ, అది వెంటనే పనిచేయవచ్చు, లేదా పైకి తెలియకుండా మెల్లమెల్లగా మనసులో నాటుకుని కొంతకాలానికి ఫలించవచ్చనీ చెప్పింది. ఏ నిఘంటువులోనూ ఇంత మంచి వివరణ నాకు కనబడలేదు. మన వార్తల్లో ‘మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు’ అని రాసేది దీన్నే.

ఒక మినహాయింపు చెప్పాలి. ఇంగ్లిష్ పత్రికల హెడ్డింగుల్లో ‘ల్యూర్ ఇన్వెస్టర్స్’ అని కనిపిస్తే అక్కడ మోసం ఉందని అనుకోనక్కర్లేదు. చోటు తక్కువ, మాట పొట్టిది, అందుకే పెడతారు. అలాగే ‘ది ల్యూర్ ఆఫ్ ది హిమాలయాస్’ లాంటి నామవాచక వాడుకలో నింద ఉండదు, పిలుపు మాత్రమే ఉంటుంది. హెడ్డింగు భాషను చూసి మన వ్యాసంలో, ఉత్తరంలో వాడితే మాత్రం తేడా కొడుతుంది.

‘బెయిట్’ క్రియగా వాడినప్పుడు రెచ్చగొట్టడం అనే అర్థం కూడా ఉంది. సోషల్ మీడియాలో కావాలని కోపం తెప్పించే పోస్టులకు, చప్పటి వార్తకు ఊరించే హెడ్డింగు పెట్టే ‘క్లిక్‌బెయిట్’కు అదే మాట. ‘డోంట్ టేక్ ది బెయిట్’ అంటే వాళ్ల ఉచ్చులో పడకు, పట్టించుకోకు అని.

## ఇండ్యూస్, అల్యూర్‌మెంట్: కాగితం మీది మాటలు

‘ఫోర్ ట్వంటీ’ అని మనం తిట్టేటప్పుడు తెలియకుండానే ‘ఇండ్యూస్’ను తలుచుకుంటాం. పాత శిక్షాస్మృతి 420వ సెక్షన్ పేరులోనే మోసంతో ఒకరిని ‘ఇండ్యూస్’ చేసి ఆస్తి ఇప్పించుకోవడం ఉంది. కొత్త సంహితలో అది 318వ సెక్షన్ నాలుగో ఉపవిభాగానికి మారింది, మాట మాత్రం మారలేదు. ఎన్నికల సంఘం పట్టుకునే డబ్బు, మద్యం, కానుకలను ఇంగ్లిష్‌లో ‘ఇండ్యూస్‌మెంట్స్’ అంటుంది. తెలుగు పత్రికల్లో ‘ఓటర్లకు ప్రలోభాలు’ అని చదివేది అదే.

అయితే ‘ఇండ్యూస్’ తనంతట తాను చెడ్డ మాట కాదు. ఫలితం వచ్చేలా చేయడం దాని అసలు పని. ఆసుపత్రిలో నొప్పులు రావడానికి మందు ఇస్తే ‘లేబర్ ఇండ్యూస్’ చేశారంటారు. చెడు అంతా పక్కన ఉన్న మాటల నుంచి వస్తుంది. ‘ఇన్సెంటివ్’తో దీన్ని కలపకండి. పరిశ్రమలకు ప్రభుత్వం జీవో ఇచ్చి ప్రకటించే రాయితీ ‘ఇన్సెంటివ్’. టేబుల్ కింద నుంచి వచ్చేది ‘ఇండ్యూస్‌మెంట్’ అని జనం అనుకుంటారు, అన్ని చోట్లా అలా కాకపోయినా.

‘అల్యూర్’ లోపల ‘ల్యూర్’ ఉంది. కానీ విడిగా వాడితే గౌరవంగా, కొంచెం కవిత్వంగా ఉంటుంది. బంగారానికి, పాత నగరాలకు, సినిమా రంగానికి ‘అల్యూర్’ ఉంటుంది. ఇది నామవాచకంగానే బాగుంటుంది. ‘ఐ యామ్ అల్యూర్డ్’ అని క్రియగా వాడితే పాతగా వినిపిస్తుంది. ‘అల్యూర్‌మెంట్’ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చట్టం వాసన. మతమార్పిడుల మీద ఒడిశా 1967లో చేసిన చట్టం ‘ఇండ్యూస్‌మెంట్’ అంటే, మధ్యప్రదేశ్ 1968లో చేసింది ‘అల్యూర్‌మెంట్’ అంది. రెండింటి నిర్వచనంలోనూ డబ్బు రూపంలోనో వస్తువు రూపంలోనో ఇచ్చే కానుక, లాభం ఉన్నాయి. చట్టం రాసేటప్పుడు ఏ మాట ఎంచుకున్నా దాన్ని నిర్వచించుకుంటారు కాబట్టి సరిపోయింది. మనకు ఆ సౌకర్యం లేదు. మన మాటను చదివేవాళ్లే నిర్వచించుకుంటారు.

## సెడ్యూస్: అనుమానం ఉంటే వద్దు

మూలంలో ‘పక్కకు నడిపించు’ అనే అర్థం ఉన్నా, మనుషుల మధ్య వాడితే ఈ రోజు ఇది లైంగికమైన మాటే. ఆలోచనలకు, వస్తువులకు వాడితే ఆ బాధ లేదు. ‘సెడ్యూస్డ్ బై ఈజీ క్రెడిట్’ అంటే సులువుగా దొరికే అప్పుల మోజులో పడ్డారని. ‘సెడక్టివ్ ఆర్గ్యుమెంట్’ అంటే వినడానికి బాగున్నా నమ్మితే దెబ్బతినే వాదన.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. బాధితులు పిల్లలైతే ఈ మాట ఎప్పుడూ రాయొద్దు. ఇందులో రెండో మనిషి కూడా చివరికి ఒప్పుకున్నాడన్న భావం ఉంది. పిల్లల విషయంలో ఒప్పుకోవడమనే ప్రశ్నే లేదు. నమ్మకం సంపాదించి మెల్లగా లొంగదీసుకోవడానికి ఇంగ్లిష్‌లో ఇప్పుడు వాడే మాట ‘గ్రూమ్’. జరిగింది ‘అబ్యూస్’.

‘చార్మ్’ దీనికి మర్యాదైన చుట్టం. పాటకు, మంత్రానికి లాటిన్‌లో ఉన్న మాట నుంచి వచ్చింది, పాములవాడిని ‘స్నేక్ చార్మర్’ అనడం అందుకే. మనిషి మాటతీరుకు మెచ్చుకోలుగా వాడొచ్చు. ‘క్యాప్టివేట్’, ‘ఫాసినేట్’ లాగేవి కావు. దగ్గరికి వచ్చాక కదలనివ్వకుండా పట్టి ఉంచేవి. నాట్యం చూస్తూ ఉండిపోతే ‘క్యాప్టివేటెడ్’.

## మిగిలినవి త్వరగా

‘వూ’ మాట్లాడే భాషలో పాతబడింది. అమ్మాయి వెంట తిరిగి మనసు గెలుచుకోవడం దీని పాత అర్థం. ఇప్పుడు పత్రికల్లోనే బతుకుతోంది: పార్టీలు ఓటర్లను, ముఖ్యమంత్రులు పెట్టుబడిదారులను ‘వూ’ చేస్తుంటారు. గెలిచారో లేదో ఈ మాట చెప్పదు.

‘కోక్స్’ నాకు చాలా ఇష్టమైన మాట. అన్నం తినని పిల్లాడిని బుజ్జగించడం, స్టార్ట్ కాని స్కూటర్‌ను ఓపిగ్గా కదిలించడం, సిగ్గుపడే మనిషి చేత పాట పాడించడం, అన్నిటికీ సరిపోతుంది. ‘కజోల్’లో పొగడ్త కలుస్తుంది, కాస్త విసిగిస్తుంది కూడా. ‘వీడిల్’ ఇంకో మెట్టు దిగి గోముగా అడిగి రాబట్టుకోవడం. ‘ఇన్‌వీగల్’ అంటే మాయమాటలతో లొంగదీసుకోవడం; రాతలో అరుదుగా వస్తుంది, చూస్తే గుర్తుపడితే చాలు.

‘టాంటలైజ్’కు మన ‘ఊరించు’ అచ్చంగా సరిపోతుంది. గ్రీకు పురాణంలో టాంటలస్ నీళ్లలో నిలబడి ఉంటాడు. తాగబోతే నీళ్లు కిందికి పోతాయి, తలపైని పండు అందుకోబోతే కొమ్మ పైకి పోతుంది. చూపించి ఇవ్వకపోతేనే ఇది వాడాలి.

‘కన్విన్స్’, ‘పర్స్వేడ్’ ఎరలు చూపవు, కారణాలు చెబుతాయి. నమ్మించడం మొదటిది, చేయించడం రెండోది. ఈ హద్దు వాడుకలో చెరిగిపోతోంది, పరీక్షల్లో మాత్రం ఉంది.

## మీరు ఎవరైతే ఏది

ఉద్యోగానికి రాస్తున్నవారు: ‘వాట్ డ్రూ మీ టు దిస్ రోల్’ అని మొదలుపెడితే సహజంగా ఉంటుంది. ‘అట్రాక్టెడ్ టు’ కూడా ఫర్వాలేదు. జీతం గురించి ‘టెంప్టింగ్’ అన్న మాట దరఖాస్తులో వద్దు, స్నేహితుడితో అనుకోండి. హెచ్ఆర్ వాళ్లకు ‘అట్రాక్ట్ అండ్ రిటెయిన్ టాలెంట్’ ఉండనే ఉంది; పక్క కంపెనీ వాళ్లను లాగేసుకుంటే అది ‘పోచ్’, పొగడ్త కాదు. ఇంకొకటి: మన పెళ్లి కార్డుల్లో, ఆఫీసు సర్క్యులర్లలో ‘సొలిసిట్’ అంటే వినయంగా కోరడం. విదేశీ క్లయింటుకు రాసేటప్పుడు ‘రిక్వెస్ట్’ వాడండి. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో ఆ మాటకు వ్యభిచారానికి పిలవడం అనే వేరే అర్థం ఉంది, చాలా దేశాల్లో ఆ అర్థమే ముందు గుర్తొస్తుంది.

ప్రకటనలు రాసేవారు: వినియోగదారుడు చదివే చోట ‘అట్రాక్టివ్’, ‘ఇర్రెసిస్టిబుల్’, తిండికైతే ‘టెంప్టింగ్’ పెట్టండి. ‘ఎంటైస్’ మీటింగు స్లైడులో ఉంటే ఫర్వాలేదు, హోర్డింగు మీద ఉండకూడదు. ‘ల్యూర్’ రెండు చోట్లా వద్దు. కొనేవాడికి తనను చేపలా చూస్తున్నారని తెలిస్తే నచ్చదు.

వార్తలు, ఫిర్యాదులు అనువదించేవారు: ‘ఉద్యోగమని నమ్మించి’కి ‘ల్యూర్డ్ విత్ ది ప్రామిస్ ఆఫ్ ఎ జాబ్’. ‘డబ్బు ఆశ చూపి సంతకం పెట్టించుకుని’కి ‘ఇండ్యూస్డ్ టు సైన్’. మైనర్ల కేసులో ‘ఎంటైస్డ్ అవే’, ఎందుకంటే సెక్షన్‌లో ఉన్నది అదే. తెలుగు ఫిర్యాదులో ‘ఆశపడి’ అని ఉన్నా ‘ఆశ చూపి’ అని ఉన్నా ఆ తేడాను ఇంగ్లిష్‌లోకి తెచ్చి తీరాలి. ఫిర్యాదు చేసినవారు ఏది అన్నారో అడిగి తెలుసుకుని రాయడం ఇంకా మంచిది.

పోటీ పరీక్షలకు చదివేవారు: సమానార్థకాల ప్రశ్నలో ‘ఎంటైస్’కు ‘టెంప్ట్’, ‘ల్యూర్’ రెండూ సరైనవే, ఆప్షన్లలో రెండూ ఒకేసారి ఇవ్వడం అరుదు. వ్యతిరేకపదాలను జంటలుగా నేర్చుకోండి: ‘అట్రాక్ట్’కు ‘రిపెల్’, ‘పర్స్వేడ్’కు ‘డిస్వేడ్’, ‘టెంప్ట్’, ‘ఎంటైస్’లకు ‘డిటర్’. ఖాళీ నింపే ప్రశ్నలో అర్థం కోసం వెతికే ముందు ఖాళీ తర్వాత ఏముందో చూడండి. ‘టు’ తర్వాత క్రియ ఉంటే ‘అట్రాక్ట్’ను కొట్టేయండి, ‘టెంప్ట్’, ‘ఎంటైస్’, ‘ఇండ్యూస్’, ‘పర్స్వేడ్’ మిగులుతాయి. ‘ఇంటూ’ తర్వాత ‘ఇంగ్’ రూపం ఉంటే ‘ల్యూర్’, ‘ఎంటైస్’, ‘టెంప్ట్’, ‘సెడ్యూస్’, ‘కోక్స్’ అన్నీ కుదురుతాయి. అప్పుడు వాక్యంలో మోసం ఉందా, ఓపిక ఉందా అని చూసి తేల్చుకోవాలి. ‘అటెన్షన్’, ‘క్రిటిసిజమ్’, ‘పెనాల్టీ’ లాంటివి కనబడితే ‘అట్రాక్ట్’ పెట్టేసి ముందుకెళ్లిపోవచ్చు.